స్లో కుక్కర్‌లో గుమ్మడికాయ పుడ్డింగ్: ఎంత నీరు, ఎంత వేడి, ఎంతసేపు?

నిదానం:

అందరికీ నమస్కారం. సాధారణంగా ఓవెన్‌లో చేసే గుమ్మడికాయ పుడ్డింగ్‌ను స్లో కుక్కర్‌లో, అంటే లోపల పింగాణీ కుండ ఉండి గంటల తరబడి నెమ్మదిగా వండే కరెంటు పాత్రలో చేయాలనుకుంటున్నాను. నా దగ్గర ఉన్న కొలతలు ఇవి: 425 గ్రాముల గుమ్మడి గుజ్జు, 350 మిల్లీలీటర్ల ఎవాపొరేటెడ్ పాలు (నీరు కొంత ఇగిర్చిన, చక్కెర లేని డబ్బా పాలు), రెండు గుడ్లు, 150 గ్రాముల బ్రౌన్ షుగర్, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగాల పొడి. అడుగున పిండి పొర ఏదీ ఉండదు. గుజ్జు, పాలు, గుడ్లు కలిసి మెత్తగా గట్టిపడి, చెంచాతో తీసుకునేలా తయారు కావాలి. ఓవెన్‌లోనైతే 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముప్పావుగంట నుంచి గంట లోపు అయిపోతుంది.

స్లో కుక్కర్ పద్ధతుల కోసం వెతికితే, ఒకరు ‘హై’లో రెండు గంటలు చాలునని, మరొకరు ‘లో’లో ఏడు గంటలు ఉంచాలని రాస్తున్నారు. ఒకే పదార్థానికి ఇంత తేడా ఎందుకు వస్తున్నదో, అసలు గంటలను బట్టి వెళ్లాలో మరేదైనా గుర్తును బట్టి వెళ్లాలో తెలిసినవారు చెప్పగలరు. నా కుక్కర్ సామర్థ్యం మూడున్నర లీటర్లు. గుజ్జు డబ్బాది వాడాలా, తాజా కాయతో చేసుకోవాలా అన్నది కూడా ఇంకా తేల్చుకోలేదు.

సన్నసెగ:

నిదానం గారూ, ‘లో’ అంటే తక్కువ ఉష్ణోగ్రత, ‘హై’ అంటే ఎక్కువ ఉష్ణోగ్రత అని చాలామంది అనుకుంటారు. చాలా స్లో కుక్కర్ల విషయంలో అది నిజం కాదు. రెండు అమరికలలోనూ లోపలి పదార్థం చివరకు చేరేది నీరు మరిగే స్థాయికి కొంచెం దిగువనున్న ఉష్ణోగ్రతకే. ‘హై’ అక్కడికి త్వరగా చేరుస్తుంది, ‘లో’ ఆలస్యంగా చేరుస్తుంది, తేడా అంతే. పుడ్డింగ్ గట్టిపడేది ఆ చివరి స్థాయి దగ్గర కాదు, దారి మధ్యలో. అందువల్ల మీరు చూడవలసింది గడియారాన్ని కాదు, పుడ్డింగ్ నడిమి భాగం ఎంత వేడెక్కిందన్న దానిని.

గంటలలో తేడాకు మరో పెద్ద కారణం లోతు. గిన్నెలో మూడు సెంటీమీటర్ల మందాన పరుచుకున్న మిశ్రమానికీ, పది సెంటీమీటర్ల లోతున నిండిన మిశ్రమానికీ ఒకే సమయం చెప్పడం అర్థం లేని పని. కుక్కర్ పరిమాణం, పోసిన మిశ్రమం ఎన్ని లీటర్లు, అది మొదట చల్లగా ఉందా గోరువెచ్చగా ఉందా అన్న మూడూ చెప్పకుండా రాసిన సమయాన్ని నేనైతే పట్టించుకోను.

మీ కొలతలతో తయారయ్యేది సుమారు ఒక లీటరు మిశ్రమం. స్లో కుక్కర్‌లో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు నింపాలన్నది సాధారణ నియమం. మూడున్నర లీటర్ల గిన్నెలో ఒక లీటరు పోస్తే మూడో వంతు కూడా నిండదు కనుక అంచులు చాలా త్వరగా ఉడికిపోతాయి. కొలతలను రెట్టింపు చేయడమో, లోపల వేరే గిన్నె పెట్టడమో మీకున్న మార్గాలు.

కొలతలమనిషి:

వేడి గురించి సన్నసెగ గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, అంతకంటే ముందు నీటి లెక్క చూడాలని నా అభిప్రాయం. ఓవెన్‌లో పొడిగాలి తగిలి పుడ్డింగ్ పైభాగం నుంచి నీరు ఆవిరైపోతూ ఉంటుంది. స్లో కుక్కర్‌లో ఆవిరి మూతకు తగిలి, చుక్కలుగా మారి, తిరిగి అదే గిన్నెలో పడుతుంది. అంటే మీరు పోసిన నీరు దాదాపు మొత్తం లోపలే ఉండిపోతుంది. కాబట్టి ఓవెన్ కొలతను యథాతథంగా ఇక్కడికి తెస్తే, గుడ్లు ఎంత సరిగా ఉడికినా పుడ్డింగ్ వదులుగానే ఉంటుంది.

పచ్చి గుమ్మడికాయలో సుమారు 92 శాతం నీరే. చెక్కు, గింజలు తీసిన కిలో ముక్కలలో నీరు కాని పదార్థం ఎనభై గ్రాములకు కొంచెం పైన మాత్రమే ఉంటుంది. డబ్బాలో వచ్చే చిక్కటి గుజ్జులో కూడా నీరు సుమారు 90 శాతం ఉంటుంది. చూడడానికి రెండు శాతమే తేడా అనిపిస్తుంది కానీ, కిలో ముక్కలను ఆ చిక్కదనానికి తేవాలంటే వాటి బరువు సుమారు 840 గ్రాములకు తగ్గాలి. స్లో కుక్కర్ కోసం నేను ఇంకా ముందుకు వెళ్తాను: కిలో ముక్కలు 700 గ్రాముల గుజ్జు అయ్యేవరకు నీటిని పోగొడతాను. అప్పుడు ఘనపదార్థం 12 శాతం దగ్గరకు వస్తుంది. కంటితో అంచనా వేయడం కంటే తూకం వేయడం మేలు, ఎందుకంటే వేడి గుజ్జు ఎప్పుడూ ఉన్నదానికంటే పలుచగా కనిపిస్తుంది.

కాయ రకాన్ని బట్టి కూడా పని మారుతుంది. ముఖాలు చెక్కడానికి పెంచే పెద్ద నారింజ రంగు కాయలు సాధారణంగా కుకుర్బిటా పెపో జాతివి. వాటిలో పీచు, నీరు ఎక్కువ, రుచి తక్కువ. బటర్‌నట్ వంటి కుకుర్బిటా మాస్కాటా రకాల గుజ్జు నునుపుగా, తియ్యగా ఉంటుంది. అమెరికాలో డబ్బాలకు ఎక్కే గుమ్మడికాయ కూడా చాలావరకు ఈ జాతికి చెందిన డికిన్‌సన్ రకమే. కబోచా వంటి కుకుర్బిటా మాక్సిమా రకాలలో పిండి పదార్థం ఎక్కువ, గుజ్జు పొడిగా ఉంటుంది. ఎంచుకునే వీలుంటే నేను బటర్‌నట్‌నే తీసుకుంటాను. కబోచాతో చేస్తే పైన చెప్పినంతగా నీరు తీయవలసిన పని ఉండదు.

జల్లెడ:

కొలతలమనిషి గారి లెక్క బాగుంది. ఆ నీటిని ఏ దారిలో పోగొట్టాలన్నది కూడా అంతే ముఖ్యం. చాలామంది ఉడికిన గుజ్జును పలుచని గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీస్తారు. అలా కారిపోయేది వట్టి నీరు కాదు. గుమ్మడిలోని చక్కెరలు, సువాసన కూడా దానితోపాటే పోతాయి. కింద గిన్నెలో చేరిన ఆ రసాన్ని ఒకసారి రుచి చూస్తే ఎంత తీపిని వదులుకుంటున్నారో తెలుస్తుంది. మూట కట్టక తప్పకపోతే ఆ రసాన్ని చిన్న గిన్నెలో చిక్కబడేవరకు మరిగించి తిరిగి గుజ్జులో కలపాలి.

ముక్కలను పళ్లెంలో పరచి 200 డిగ్రీల ఓవెన్‌లో అంచులు ఎర్రబడేవరకు కాల్చడం నాకు నచ్చిన పద్ధతి. నీరూ పోతుంది, రుచీ పెరుగుతుంది. ఓవెన్ లేనివారు మెత్తగా ఉడికించి మెదిపిన గుజ్జును వెడల్పాటి మందపు బాణలిలో, మూత లేకుండా, కలుపుతూ దగ్గర పడనివ్వవచ్చు. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీత వెంటనే పూడుకుపోకుండా ఉండాలి. ముక్కలను నీళ్లలో వేసి ఉడికించే పద్ధతిని మాత్రం ఈ వంటకానికి పూర్తిగా మానేయమంటాను.

వంటశాస్త్రం:

గుడ్ల గురించి ఎవరూ ఇంకా వివరంగా రాయలేదు కనుక ఆ భాగం నేను తీసుకుంటాను.

గుడ్డు తెల్లసొన 60 డిగ్రీలు దాటాక, పచ్చసొన 65 డిగ్రీల దగ్గర చిక్కబడడం మొదలవుతుంది. వాటిని పాలు, చక్కెర, గుజ్జుతో పలుచన చేసినప్పుడు మాంసకృత్తుల అణువులు ఒకదానికొకటి దూరమవుతాయి, చక్కెర కూడా వాటిని కొంత కాపాడుతుంది. అందువల్ల ఇలాంటి మిశ్రమం గట్టిపడేది 80 డిగ్రీల పరిసరాలలో. 85 దాటితే ఆ మాంసకృత్తులు మరీ దగ్గరగా ముడుచుకుపోయి, తమలో పట్టి ఉంచిన నీటిని బయటకు నెట్టేస్తాయి. పుడ్డింగ్ ముక్కలుముక్కలుగా విరిగి పలుచని నీరు తేలేది అప్పుడే. అంటే మనకున్న వెసులుబాటు అయిదారు డిగ్రీలు మాత్రమే, కుక్కర్ గోడలేమో దాదాపు మరిగే వేడి దగ్గర ఉంటాయి.

ఈ యంత్రం పుట్టుకే మరో పనికోసం జరిగింది. ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ ఆవిష్కర్తకు 1940లో పేటెంట్ వచ్చిన పాత్ర చిక్కుడు గింజలను గంటల తరబడి ఉడికించడానికి ఉద్దేశించినది. దాని నుంచి వచ్చిన క్రాక్‌పాట్‌ను రైవల్ సంస్థ 1971లో మార్కెట్‌లోకి తెచ్చింది. గింజలకు మరిగే వేడి ఎంత ఎక్కువసేపు తగిలితే అంత మంచిది. గుడ్డుకు అది సరిగ్గా శత్రువు. కాబట్టి ఈ పాత్రలో గుడ్డు పుడ్డింగ్ చేయాలంటే గోడల వేడికీ మిశ్రమానికీ మధ్య ఏదో ఒక అడ్డు ఉండాలి.

అన్నింటిలోకీ నమ్మదగిన అడ్డు నీరు. లోపలి కుండలో ఇమిడే గాజు లేదా పింగాణీ గిన్నెకు వెన్న రాసి, మిశ్రమం పోసి, దాని చుట్టూ సగం ఎత్తు వరకు వేడినీళ్లు పోయాలి. గిన్నె కింద మడిచిన గుడ్డ వేస్తే అడుగు భాగం త్వరగా ఉడికిపోదు. ‘లో’ అమరికలో మొదటిసారి రెండు గంటల తరువాత చూసి, నడిమధ్యలో థర్మామీటర్ 80 చూపగానే ఆపేయాలి. గుడ్డు వంటకాలు కనీసం 71 డిగ్రీలు చేరాలన్న ఆహార భద్రత నియమం ఇందులో సహజంగానే నెరవేరుతుంది.

నిదానం:

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. బటర్‌నట్ కాయనే తెచ్చి, కాల్చి, తూకం వేసి గుజ్జు చేసుకుంటాను. రెండు సందేహాలు మిగిలాయి. నా దగ్గరున్న గిన్నెలేవీ ఆ కుండలో ఇమడవు; కొలతలను రెట్టింపు చేసి నేరుగా కుండలోనే పోస్తే ఫలితం ఎలా ఉంటుంది? తినేవారిలో గుడ్డు ముట్టనివారు ఒకరున్నారు. వారికోసం గుడ్డు లేకుండా ఇదే పుడ్డింగ్ వస్తుందా, లేక వేరే వంటకంగా భావించాలా?

సన్నసెగ:

నేరుగా పోయవచ్చు, కొన్ని జాగ్రత్తలతో. కుండ లోపల అంచుల వరకు వెన్న దట్టంగా రాయాలి. పాలను గోరువెచ్చగా చేసి మిగిలినవాటితో కలిపితే మిశ్రమం మొత్తం ఒకే వేడితో మొదలవుతుంది. చల్లటి మిశ్రమం పోస్తే నడిమి భాగం వేడెక్కేలోపు గోడల పక్కనున్నది గట్టిపడి, పగుళ్లు తేలి, నీరు వదలడం మొదలుపెడుతుంది. చాలా కుక్కర్లలో ఒక పక్క మిగతావాటికంటే వేడిగా ఉంటుంది; మీది ఏ పక్కో మీకు తెలిసే ఉంటుంది. సగం సమయం గడిచాక కుండను అటుదిటు తిప్పి పెట్టడం దానికి విరుగుడు, అయితే చేతికి గుడ్డ పట్టుకోవడం మరవకండి.

రెట్టింపు కొలతకు ‘లో’ అమరికలో మూడు నుంచి నాలుగు గంటలు పడుతుందని మొదటి అంచనాగా పెట్టుకుని, మూడో గంట ముగిసే సమయానికి థర్మామీటర్‌తో చూడండి. థర్మామీటర్ లేకపోతే కుండను మెల్లగా కదిపి చూడాలి: అంచులు నిలకడగా ఉండి, నడుమ అరచేతంత భాగం మాత్రమే అదిరితే ఆపే సమయం వచ్చినట్లు. పూర్తిగా గట్టిపడేవరకు ఆగడం పెద్ద పొరపాటు, ఎందుకంటే ఈ పింగాణీ కుండ మందం వల్ల స్విచ్ ఆపిన తరువాత కూడా చాలాసేపు వేడిని వదులుతూనే ఉంటుంది. ఆపిన వెంటనే కుండను బయటి పాత్ర నుంచి తీసి చెక్కపలక మీద పెట్టాలి.

మూత కింద గుడ్డ సంగతి: మూతకూ కుండకూ మధ్య శుభ్రమైన నూలు గుడ్డను బిగుతుగా పరిస్తే, చుక్కలు పుడ్డింగ్ మీద పడకుండా అది పీల్చుకుంటుంది. గుడ్డ కొసలు వేడిపాత్ర పక్కకు వేలాడకుండా మూత మీదకు మడిచి ముడివేయాలి. ఇది చేయకపోతే పుడ్డింగ్ పైన నీటి గుంటలు ఏర్పడడం ఖాయం.

పింగాణీకుండ:

గుడ్డ విషయంలో నాది కొంచెం భిన్నాభిప్రాయం. పిండి కలిపిన కేకు వంటి వాటికి అది తప్పనిసరి. చెంచాతో తీసి గిన్నెలలో వడ్డించే పుడ్డింగ్‌కు పైన నాలుగు చుక్కలు పడితే నష్టమేమీ లేదు, కలిసిపోతాయి. పైగా గుడ్డ ఉంటే మూతలోంచి లోపల ఏం జరుగుతున్నదో కనిపించదు, దాంతో మాటిమాటికీ తెరవాలనిపిస్తుంది. తెరిచిన ప్రతిసారీ లోపలి వేడి పోయి, వంట సమయం పావుగంటకు పైగా పెరుగుతుంది. గుడ్డ పరచదలచినవారు సన్నసెగ గారు చెప్పిన మూడో గంట వరకు మూత జోలికి వెళ్లకపోతే సరిపోతుంది.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది కుండ గురించి. ముందురోజే మిశ్రమం కలిపి, కుండతో సహా ఫ్రిజ్‌లో పెట్టి, ఉదయం నేరుగా వేడి మీద పెట్టే అలవాటు కొందరికి ఉంది. హఠాత్తుగా మారే వేడికి పింగాణీ పగులుతుంది. అంతకంటే ముఖ్యంగా, అంత చల్లబడిన కుండ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఆ సమయమంతా పాలు, గుడ్లు కలిసిన మిశ్రమం 5 నుంచి 60 డిగ్రీల మధ్య, అంటే సూక్ష్మజీవులు వేగంగా పెరిగే హద్దులలో ఉండిపోతుంది. గుజ్జును ముందురోజు చేసి విడిగా దాచుకోండి; గుడ్లు, పాలు మాత్రం వండే సమయంలోనే కలపండి. ‘వార్మ్’ అమరిక వండిన పదార్థాన్ని వేడిగా ఉంచడానికే తప్ప వండడానికి కాదు.

మరొక హెచ్చరిక. కాయ కోసిన వెంటనే ఒక చిన్న ముక్కను నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, మొత్తం కాయను పారేయండి. గుమ్మడి జాతి కాయలలో అరుదుగా కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు ఎక్కువగా చేరుతాయి. అవి వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి, ఉడికించినా పోవు. చక్కెర వేసి ఆ చేదును కప్పాలని చూడడం ప్రమాదకరం.

ఆకుపచ్చగరిటె:

గుడ్డు లేని పద్ధతి గురించి నేను చెబుతాను. దాన్ని ప్రత్యామ్నాయంగా కాక, స్లో కుక్కర్‌కు అసలు తగిన పుడ్డింగ్‌గా చూడమని నా మనవి. వంటశాస్త్రం గారు గుడ్డుకు 85 డిగ్రీలు హద్దు అన్నారు. కార్న్‌ఫ్లోర్‌కు అటువంటి భయం లేదు. దాని కణాలు 65 డిగ్రీల తరువాత నీరు పీల్చి ఉబ్బడం మొదలుపెట్టి, 90 దాటితేనే పూర్తి చిక్కదనం ఇస్తాయి. గోడల పక్కన మరిగే వేడి ఉన్నా అది విరిగిపోదు.

ఇబ్బంది ఒక్కటే. చల్లటి పాలలో కలిపిన కార్న్‌ఫ్లోర్ నీటిలో కరగదు, తేలుతూ ఉండి కాసేపటికి అడుగున పేరుకుంటుంది. స్లో కుక్కర్ వేడెక్కేలోపు అంతా కిందకు చేరి, అడుగున జిగురుముద్దగా, పైన నీళ్లుగా మిగులుతుంది. కాబట్టి 425 గ్రాముల గుజ్జుకు 350 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరిపాలు లేదా మామూలు పాలు తీసుకుంటే, అందులో సగం పాలలో 40 గ్రాముల కార్న్‌ఫ్లోర్ కలిపి, పొయ్యి మీద కలుపుతూ కాస్త చిక్కబడేవరకు వేడిచేసి, ఆ తరువాత మిగిలినవాటితో కలిపి కుక్కర్‌లో పోయాలి. అప్పుడు కణాలు అడుగుకు దిగవు. ‘హై’లో గంటన్నర నుంచి రెండు గంటలు ఉంచితే చెంచాకు అందేంత మెత్తగా వస్తుంది, ముక్కలుగా కోసుకోవాలంటే కార్న్‌ఫ్లోర్ 60 గ్రాములకు పెంచండి. చల్లారితే ఇంకా గట్టిపడుతుందని గుర్తుంచుకుని, వేడిగా ఉన్నప్పుడు కొంచెం వదులుగా ఉండగానే ఆపాలి.

వంటశాస్త్రం:

ఆకుపచ్చగరిటె గారి మాటకు ఒక చేర్పు. గుడ్డు, కార్న్‌ఫ్లోర్ రెండూ కలిపితే ఇంకా మేలు అని నేను చెప్పాలనుకున్నాను. పిండి పదార్థం గుడ్డులోని మాంసకృత్తులను త్వరగా ముడుచుకుపోకుండా అడ్డుకుంటుంది. నిదానం గారి మూల కొలతకు 20 గ్రాముల కార్న్‌ఫ్లోర్ చేరిస్తే అంచులు విరగడం చాలావరకు తగ్గుతుంది. వేరే గిన్నె లేక నేరుగా కుండలో పోసేవారికి నేను సూచించేది ఇదే.

ఆకుపచ్చగరిటె:

కలపవచ్చు కానీ, అప్పుడు 80 డిగ్రీల దగ్గర ఆపడం కుదరదు. పచ్చసొనలో పిండి పదార్థాన్ని విరగగొట్టే అమైలేస్ అనే ఎంజైము ఉంటుంది. దాన్ని వేడితో పూర్తిగా నిర్వీర్యం చేయకపోతే, బాగా గట్టిపడినట్లు కనిపించిన పుడ్డింగ్ మరుసటి రోజుకు పలుచబడిపోతుంది. పిండి కలిపిన కస్టర్డ్‌లను పొయ్యి మీద బుడగలు వచ్చేవరకు ఉడికించమనేది అందుకే.

వంటశాస్త్రం:

అది నిజమే, నేను అది రాసి ఉండవలసింది. కాబట్టి నిదానం గారు గుడ్లు మాత్రమే వాడితే 80 దగ్గర ఆపాలి. కార్న్‌ఫ్లోర్ కూడా చేరిస్తే నడిమి భాగం 90 దాటేవరకు ఉంచాలి, పిండి రక్షణ ఉంది కనుక ఆ వేడికి గుడ్డు విరగదు. సమయం కూడా దానికి తగ్గట్టు మరో అరగంటో ముప్పావుగంటో పెరుగుతుంది. కార్న్‌ఫ్లోర్‌ను ముందుగా పాలలో చిక్కబరచి, గోరువెచ్చబడిన తరువాతే గుడ్లు కలపాలన్నది ఇక్కడ కూడా వర్తిస్తుంది.

జల్లెడ:

రంగు, రుచి గురించి ఒక మాట. చక్కెర కరిగి కారమెల్‌గా మారడానికి 160 డిగ్రీలకు పైగా వేడి కావాలి. నీరున్న చోట ఆ వేడి ఎన్నటికీ రాదు కనుక, స్లో కుక్కర్‌లో ఎన్ని గంటలు ఉంచినా ఓవెన్ పుడ్డింగ్ పైన వచ్చే ఆ ఎర్రటి కాలిన రుచి రాదు. దాన్ని ముందే తయారుచేసి లోపలికి చేర్చాలి. గుమ్మడి ముక్కలను కాల్చమని నేను మొదట చెప్పినదానికి ఇది రెండో కారణం. ఇంకా కావాలంటే వెన్నను బాణలిలో గోధుమరంగు వచ్చేవరకు కాచి కలపవచ్చు, లేదా చక్కెరలో మూడో వంతును పొడిబాణలిలో ఎర్రగా కరిగించి, వేడిపాలు జాగ్రత్తగా పోసి కరిగించవచ్చు. పాలు పోసినప్పుడు అది ఒక్కసారిగా పొంగి చిమ్ముతుంది, లోతైన గిన్నె వాడండి.

మసాలా దినుసుల విషయంలో ఓవెన్ కొలతను తగ్గించమని నా సలహా. మూత మూసిన పాత్రలో వాటి నూనెలు బయటకు పోవు. లవంగం అన్నింటినీ మింగేస్తుంది. ఒక లీటరు మిశ్రమానికి చెంచాలో ఎనిమిదో వంతు మించకూడదు. దాల్చినచెక్క పొడి తడి తగిలితే కొంచెం జిగురుగా మారి చిక్కదనాన్ని కూడా పెంచుతుంది కనుక దానికి ఒక చెంచా వరకు ఇవ్వవచ్చు. జాజికాయను మాత్రం చివరన, వడ్డించే ముందు తురమండి. గంటల తరబడి వేడిలో ఉంటే దాని సువాసన మొద్దుబారిపోతుంది.

నిదానం:

గుజ్జుకు బదులు ముక్కలనే చక్కెరతో ఉడికించి, పైన చిక్కటి పాలు పోసి వడ్డించే పద్ధతి కూడా ఒకటి చూశాను. అందులో ముక్కలు ఎన్ని గంటలైనా గట్టిగానే ఉంటున్నాయని కొందరు రాశారు. కారణం ఏమై ఉంటుంది?

కొలతలమనిషి:

బ్రౌన్ షుగర్ మొదటే వేయడం. అందులోని మొలాసిస్‌కు (చెరకు మడ్డికి) స్వల్పంగా పుల్లని గుణం ఉంది, కాల్షియం కూడా ఉంది. కాయ కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం కరిగితేనే ముక్క మెత్తబడుతుంది. పులుపు, కాల్షియం రెండూ దాన్ని కరగనివ్వవు. ముక్కలను రెండు మూడు చెంచాల నీటితో, ఉప్పుతో ముందు మెత్తబరచి, ఆ తరువాత చక్కెర వేయండి. చక్కెర తగలగానే ముక్కల నుంచి నీరు ఊరుతుంది కనుక మొదట ఎక్కువ నీరు పోయవలసిన అవసరం లేదు. పాలను మాత్రం చివరి అరగంటలోనే చేర్చాలి. ఎక్కువసేపు వేడిలో ఉంటే పాలు విరుగుతాయి. మీగడకు కొవ్వు ఎక్కువ కనుక అది మరింత తట్టుకుంటుంది.

గుజ్జు మిగిలితే చాలామంది అదే కుక్కర్‌లో మూత కొంచెం తెరిచి, చక్కెర, దినుసులు వేసి, రొట్టెకు రాసుకునే పంప్‌కిన్ బటర్ చేస్తారు. చేయండి, బాగుంటుంది. కానీ దాన్ని సీసాలలో నింపి, వేడినీళ్లలో మరిగించి, గది ఉష్ణోగ్రతలో నెలల తరబడి నిల్వ చేయాలని చూడకండి. గుమ్మడికి పులుపు చాలదు, పీహెచ్ (పులుపు కొలత; పులుపు తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది) 4.6కు పైన ఉన్న చిక్కటి గుజ్జులో, గాలి లేని సీసాలో, బొటులిజం అనే ప్రాణాంతక జబ్బును తెచ్చే విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరగగలదు. పంప్‌కిన్ బటర్‌ను ఇంట్లో అలా సీసాలలో నిల్వ చేయవద్దని అమెరికా వ్యవసాయ శాఖ స్పష్టంగా చెబుతుంది. ఫ్రిజ్‌లో కొద్ది రోజులు, ఫ్రీజర్‌లో నెలలు, అంతే.

నిదానం:

చివరి ప్రశ్న. వడ్డించగా మిగిలిన పుడ్డింగ్‌ను కుండతోనే ఫ్రిజ్‌లో పెట్టి, మరుసటి రోజు మళ్లీ అదే కుక్కర్‌లో వేడి చేసుకోవచ్చా? ఫ్రీజర్‌లో పెడితే నిలుస్తుందా?

పింగాణీకుండ:

కుండతో వద్దు. మందపు పింగాణీలో లోతుగా ఉన్న పుడ్డింగ్ చల్లబడడానికి చాలా గంటలు పడుతుంది, మనం తప్పించుకోవలసిన వేడి హద్దులలోనే అది అంతసేపూ ఉంటుంది. వెడల్పాటి లోతులేని గిన్నెలలోకి మార్చి, స్విచ్ ఆపిన రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి. మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. తిరిగి వేడి చేయడానికి స్లో కుక్కర్ పనికిరాదు, మరీ నెమ్మదిగా వేడెక్కుతుంది; కావలసినంత భాగాన్నే చిన్న గిన్నెలో తీసుకుని మైక్రోవేవ్‌లో తక్కువ శక్తితో వేడిచేసుకోవడం మేలు. నిజానికి గుడ్డు పుడ్డింగ్ చల్లగానే ఎక్కువ బాగుంటుంది.

ఆకుపచ్చగరిటె:

ఫ్రీజర్ గురించి: గుడ్డుదైనా, కార్న్‌ఫ్లోర్‌దైనా గడ్డకట్టి కరిగితే నీరు వదిలి గరుకుగా మారుతుంది, పుడ్డింగ్‌గా దాన్ని తిరిగి నిలబెట్టలేరు. ముందుచూపుతో చేయదలిస్తే కాల్చిన గుజ్జును 425 గ్రాముల పొట్లాలుగా ఫ్రీజర్‌లో దాచుకోండి. కరిగినప్పుడు అంచున చేరే నీటిని పారబోయక, జల్లెడ గారు చెప్పినట్లు మరిగించి చిక్కబరచి, అందులోనే కలిపేయండి.

నిదానం:

అలాగే చేస్తాను. కుండలో గుడ్డు, కార్న్‌ఫ్లోర్ కలిపినది రెట్టింపు కొలతలో, గుడ్డు లేనిది పొయ్యి మీద వేరుగా చిన్న గిన్నెలో. థర్మామీటర్ కొన్న తరువాతే మొదలుపెడతాను.

సన్నసెగ:

కొన్నాక ముందు దాన్ని మరుగుతున్న నీటిలో ముంచి, మీరున్న ఎత్తుకు తగిన మరిగే ఉష్ణోగ్రత చూపుతున్నదో లేదో చూసుకోండి. సముద్రమట్టం దగ్గర 100, పదిహేను వందల మీటర్ల ఎత్తున 95 డిగ్రీలు చూపాలి. అది రెండు మూడు డిగ్రీలు తప్పు చూపినా గుడ్డు పుడ్డింగ్‌కున్న వెసులుబాటులో సగం పోయినట్లే.